ఫ్రెంచి తీరానికి మూడు రోజుల బస్సు

సూరత్‌లో మొదలై, బందరులో బలపడి, చందుర్తిలో ఓడి, యానాంలో మిగిలిన కథ ఇది. కళ్లారా చూడాలంటే ఒక్క రహదారి చాలు. ఇంతవరకు ఆ పేరుతో బస్సే లేదు

దీపావళి వచ్చిందంటే సూరత్‌లో మగ్గాల చప్పుడు ఆగిపోతుంది. బట్టల మార్కెట్లకు తాళాలు పడతాయి. బడులకు మూడు వారాల సెలవులు. నగరానికి దక్షిణాన, పాండేసర పారిశ్రామికవాడ పక్కనున్న వడోద్ లాంటి పేటల్లో అద్దకం మిల్లుల కార్మికులు, మరమగ్గాల కార్మికులు మూటాముల్లె సర్దుకుంటారు. ఒడియా వాళ్లు గంజాం వైపు, తెలుగువాళ్లు తెలంగాణ వైపు ప్రయాణం కడతారు. సెలవంటే సొంతూరికి పోయిరావడమే. పెళ్లి, పొలం తగాదా, ముసలి తల్లి వైద్యం... ఉన్న నాలుగు రోజులూ వీటికే చాలవు. విహారయాత్ర అన్న మాట ఆ క్యాలెండర్‌లో కనిపించదు.

యూరప్‌లో సంగతి వేరు. ఇంగ్లండ్‌లో ఉద్యోగ విరమణ చేసిన మధ్యతరగతి దంపతులకు నాలుగైదు రోజుల బస్సు యాత్ర చాలా మామూలు విషయం. బస్సుతో సహా ఓడెక్కి ఇంగ్లిష్ చానల్ దాటి ఫ్రాన్స్ పడమటి తీరంలో దిగుతారు. సేంట్ మాలో కోట గోడల మీద ఒక సాయంత్రం నడుస్తారు. 1746లో ఇంగ్లిష్‌వారి నుంచి మద్రాసును పట్టుకున్న లాబూర్దొనే పుట్టిన ఊరు అది. అక్కడి నుంచి దక్షిణానికి పోతే లోరియాం రేవు. తూర్పు దేశాలతో వర్తకం కోసం ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ 1666లో నిర్మాణం మొదలుపెట్టిన రేవు అది. ఆ పేరుకు అర్థమే 'తూర్పు'. ఎదురుగా పోర్ లూయీ కోటలో కంపెనీ చరిత్రకు ఒక మ్యూజియం ఉంది. అందులో భారతదేశపు నూలు బట్టలను అద్దాల పెట్టెల్లో పెట్టి చూపిస్తారు.

ఆ బట్టలు ఎక్కడివి? ఏ 'తూర్పు' కోసం ఆ రేవు కట్టారు? ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వస్తే దారి ముందు సూరత్‌కు, తర్వాత బందరుకు తీసుకొస్తుంది. అంటే లోరియాంలో అద్దాల వెనకున్న కథలో సగం మన తీరానిదే. చూడటానికి విదేశం వెళ్లక్కర్లేదు, వీసా అక్కర్లేదు. మూడు రోజులు, ఒక బస్సు ఉంటే సరిపోతుంది.

రెండు రేవులు, ఒకే తేదీ

పద్నాలుగో లూయీ కాలంలో, ఆయన మంత్రి కోల్బేర్ చొరవతో 1664లో ఫ్రెంచి కంపెనీ పుట్టింది. అప్పటికే డచ్చివారు బందరులో 1605 నుంచి, ఇంగ్లిష్‌వారు 1611 నుంచి దుకాణం పెట్టుకుని ఉన్నారు. ఆలస్యంగా వచ్చినవాడు అనుభవజ్ఞుణ్ని వెతుక్కుంటాడు. ఫ్రెంచివారు డచ్చి కంపెనీలో ఆరితేరిన ఫ్రాన్స్వా కారన్‌ను తమవైపు తిప్పుకున్నారు. ఆయన ఆధ్వర్యంలో 1668లో సూరత్‌లో వారి మొదటి వర్తక స్థావరం వెలిసింది.

రెండోది తెలుగునాట. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన మార్కరా అనే ఆర్మీనియన్ వర్తకుడు కంపెనీ తరపున గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా దర్బారుకు వెళ్లి 1669లో ఫర్మానా సంపాదించాడు. దాంతో మచిలీపట్నంలో ఫ్రెంచి జెండా ఎగిరింది. నేడు ఫ్రెంచి అనగానే గుర్తుకొచ్చే పాండిచ్చేరి అప్పటికింకా రంగంలోనే లేదు. దాని స్థాపకుడిగా పేరు తెచ్చుకున్న ఫ్రాన్స్వా మార్టిన్ కూడా ముందు సూరత్‌లో, బందరులో పనిచేసి ఆ తర్వాతే, 1674లో, పాండిచ్చేరి చేరాడు.

ఈ రెండు రేవుల బంధం చివరిదాకా సాగింది. యుద్ధాల్లో ఓడి, రాజ్యం పోయి, వర్తకం అడుగంటినా సూరత్‌లోనూ బందరులోనూ చిన్న చిన్న స్థలాలు ఫ్రెంచివారి పేరునే ఉండిపోయాయి. 'లోజ్'లనే ఆ జాగాలను స్వతంత్ర భారతానికి అప్పగించింది ఒకే రోజున: 1947 అక్టోబర్ 6. దాదాపు ఏకకాలంలో పుట్టిన అక్కాచెల్లెళ్లు ఒకేసారి పుట్టింటికి చేరారన్నమాట.

మొదటి రోజు: బందరు

వడోద్‌లో ఉండే ఓ సిరిసిల్ల కుటుంబం ఈసారి సెలవుల్లో ఊరికి పోతూ మూడు రోజులు మిగుల్చుకుందనుకోండి. అహ్మదాబాద్-చెన్నై నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్ మీదుగానే పోతుంది. వరంగల్‌లో దిగే అలవాటు మాని విజయవాడ దాకా టికెట్ తీసుకోవాలి. అక్కడి నుంచి బందరు 70 కిమీ.

కోటలు, మేడలు ఆశించి బందరులో బస్సు దిగేవారికి మొదట నిరాశే. అక్కడి చరిత్ర కట్టడాల్లో కంటే పేర్లలో ఎక్కువగా మిగిలింది. వలందపాలెం, ఇంగ్లిష్‌పాలెం, ఫ్రెంచిపేట. డచ్చివారిని తెలుగువాళ్లు 'వలందా'లన్నారు. ఫ్రెంచివారు 'పరాసు'లు. బొబ్బిలి కథ విన్నవారికి ఆ మాట కొత్త కాదు. ఊళ్లో పరాసుపేట కూడా ఉంది. రిక్షా, ఆటో వాళ్లు రోజుకు పదిసార్లు పలికే ఈ పేర్లు మూడు యూరప్ దేశాలు ఒకే ఊళ్లో ఇరుగుపొరుగుగా బతికిన రోజులకు సాక్ష్యం. సాక్ష్యం చెప్పే గోడలు మాత్రం తక్కువ. డచ్చివారి సమాధులు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. సముద్రం వైపు పోతే శిథిలమైన బందరు కోట.

కట్టడాలు మిగలకపోవడంలో మనుషుల నిర్లక్ష్యంతోపాటు ప్రకృతి పాలూ ఉంది. 1864 నవంబర్ 1 రాత్రి ఉప్పెన ఊరి మీద పడింది. సుమారు 30 వేల మంది చనిపోయారని లెక్క. వర్తక పట్టణంగా బందరు మళ్లీ పూర్తిగా కోలుకోలేదు.

బందరులో నేటికీ ప్రాణంతో ఉన్న చారిత్రక కట్టడం ఏదైనా ఉందంటే అది రాతిది కాదు, గుడ్డది. పక్కనే ఉన్న పెడనకు బస్సు తిప్పితే కలంకారీ అద్దకం కళ్లెదుటే కనిపిస్తుంది. బట్టను కరక్కాయ రసంలో, పాలలో నానబెట్టడం, చెక్క అచ్చులతో అద్దడం, పటిక పట్టించడం, కాలవ నీళ్లలో జాడించడం, కాగులో ఉడికించడం. పూర్వం ఎరుపు కోసం చిరువేరు, నీలం కోసం నీలిమందు. ఎన్ని ఉతుకులకూ పోని ఆ రంగే యూరప్‌ను పిచ్చెక్కించింది.

ఎంతగానంటే, ఫ్రాన్స్ తన నేత పరిశ్రమ ఎక్కడ మునిగిపోతుందోనన్న భయంతో 1686లో ఈ అద్దకం బట్టలను నిషేధించింది. దిగుమతి చేసుకోకూడదు. దేశంలో అద్దకూడదు. అయినా జనం దొంగచాటుగా కొని కట్టుకుంటూనే ఉన్నారు. 70 ఏళ్లకు పైగా నడిచిన ఆ నిషేధాన్ని చివరకు 1759లో ఎత్తేశారు. ఆ మరుసటి ఏడాదే ఓబెర్‌కాంఫ్ అనే ఆయన పారిస్ దగ్గర జూయీలో అద్దకం కార్ఖానా పెట్టి కోట్లకు పడగెత్తాడు.

ఈలోగా రంగుల రహస్యం సముద్రం దాటింది. పాండిచ్చేరి ప్రాంతంలో ఉన్న కూర్దూ అనే జెసూట్ మతగురువు 1742లో మన అద్దకం పద్ధతిని అంచెలంచెలుగా వివరిస్తూ స్వదేశానికి ఉత్తరం రాశాడు. ఆయనకు తెలుగు బాగా వచ్చు. తెలుగు, ఫ్రెంచి, సంస్కృత పదాలతో నిఘంటువు కూడా కూర్చాడు. సంస్కృతానికీ లాటిన్‌కూ చుట్టరికముందని తొలినాళ్లలోనే పసిగట్టినవారిలో ఆయన ఒకడు. పండితుడే. కాకపోతే ఆ పాండిత్యంలో కొంత ఇక్కడి అద్దకపువాడి నోటి నుంచి రాబట్టింది. ఆ అద్దకపువాడి పేరు చరిత్రలో లేదు.

రెండో రోజు: పాయలు దాటుతూ

ఒంగోలు నుంచి కత్తిపూడి దాకా తీరం వెంట సాగే 216వ నెంబరు జాతీయ రహదారి ఈ యాత్రకు వెన్నెముక. బందరు, పెడన, నరసాపురం, రాజోలు, అమలాపురం, యానాం, కాకినాడ, పిఠాపురం... ఫ్రెంచివారి కథకు కావలసిన ఊళ్లన్నీ పూసలు గుచ్చినట్టు దాని మీదే, దాని పక్కనే ఉన్నాయి. బందరు నుంచి చివరిదాకా రెండొందల పైచిలుకు కిమీ.

నరసాపురం దగ్గర మాధవాయిపాలెం అనే చిన్న ఊరుంది. ఇంగ్లిష్ కంపెనీ అక్కడ బట్టల కొనుగోలు స్థావరం నడిపింది. ఆ ఊరి పేరు దొరల నోట 'మడపొల్లం' అయింది. అక్కడి మెత్తటి తెల్ల నూలుగుడ్డకూ అదే పేరు స్థిరపడింది. చిత్రమేమిటంటే ఫ్రెంచి నిఘంటువుల్లో 'మదపొలాం' నేటికీ ఒక రకం నూలు బట్ట పేరు. పశ్చిమ గోదావరిలో బస్సు క్షణం కూడా ఆగని ఊరు పారిస్ నిఘంటువులో శాశ్వతంగా ఆగిపోయింది.

వశిష్ఠ దాటితే కోనసీమ. కొబ్బరితోటల మధ్యగా అమలాపురం, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక చేరితే గౌతమీ పాయ మీద పొడవైన వంతెన. లోక్‌సభ స్పీకర్‌గా ఉండగా 2002లో కన్నుమూసిన జీఎంసీ బాలయోగి పేరు దానికి పెట్టారు. అదే ఏడాది వంతెన ప్రారంభమయ్యేదాకా ఇక్కడ రేవు దాటాలంటే పడవే గతి. వంతెన దిగితే యానాం. ఆంధ్రప్రదేశ్ వెనకే ఉండిపోయింది. ఇది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. రాజధాని పుదుచ్చేరి ఇక్కడికి ఎనిమిది వందల కిమీకి పైగా దూరం. భాష మాత్రం అదే తెలుగు, యాస అదే గోదావరి యాస.

యానాం: మిగిలిన ముక్క

30 చదరపు కిమీ, 2011 లెక్కల ప్రకారం 55 వేల పైచిలుకు జనం. ఇంత చిన్న చోటికి ఎంత చరిత్రో. ఫ్రెంచివారు 1723లో వచ్చారు, వర్తకం సాగక వదిలేశారు, 1731లో మళ్లీ వచ్చారు. పక్కనే నీలపల్లి, ఇంజరంలలో ఇంగ్లిష్‌వారి స్థావరాలు. యూరప్‌లో ఆ రెండు దేశాలు తలపడ్డప్పుడల్లా ఇక్కడ జెండా మారేది. సంధి కుదిరినప్పుడల్లా మళ్లీ ఎగిరేది. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక గానీ ఊరు కుదుటపడలేదు. 1839 నవంబర్‌లో వచ్చిన ఉప్పెన కోరంగి రేవుతోపాటు ఈ ప్రాంతాన్నంతా తుడిచిపెట్టింది. ఆ తర్వాత కొద్దికాలానికే పూర్తయిన సేంట్ ఆన్ చర్చి నేటికీ నిలిచి ఉంది. ఫ్రెంచి కాలాన్ని నిలువెత్తున చూపే కట్టడమిదే.

యానాం పేరు చెబితే గోదావరి జిల్లాల పెద్దలకు మరో సంగతి గుర్తొస్తుంది. ఆడపిల్లలకు 14 ఏళ్లు, మగపిల్లలకు 18 ఏళ్లు నిండనిదే పెళ్లి చేయరాదని బ్రిటిష్ ఇండియాలో 1929లో శారదా చట్టం వచ్చింది. అది ఫ్రెంచి గడ్డ మీద చెల్లదు. దాంతో చుట్టుపక్కల జిల్లాల నుంచి పసిపిల్లలను ఎత్తుకుని పెళ్లి బృందాలు యానాంకు బారులు తీరాయి. కల్యాణపురమని ఊరికి పేరే వచ్చింది. వీరేశలింగం తిరిగిన నేల మీదే, గీత దాటి పోయి, సంస్కరణను ఓడించి వచ్చారు. సరిహద్దు అంటే స్వేచ్ఛ అని ఎప్పుడూ అనుకోనక్కర్లేదు.

ఈ రేవు నుంచి వెళ్లినవి బట్టలు మాత్రమే కావు. 1828లో యానాం నుంచి కొద్దిమంది తెలుగు కూలీలను హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి ద్వీపం రీయూనియన్‌కు చెరకు తోటల పనికి ఓడెక్కించారు. ఆ ద్వీపానికి ఒప్పందం మీద పోయిన తొలి భారతీయ కూలీల్లో వారున్నారు. పక్కనే కోరంగి నుంచి మారిషస్‌కు పోయినవారికి 'కొరంగీ'లన్న పేరే పడింది. ముందు నేతగాడి బట్ట పోయింది, తర్వాత మనిషే పోయాడు.

ఫ్రెంచి పాలన ముగింపు కూడా యానాం తన పద్ధతిలోనే రాసుకుంది. ఈ ఊరి బిడ్డ, అంతకుముందు ఫ్రెంచి పోలీసు శాఖలో పనిచేసిన దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు 1954 జూన్ 13న పాలనను చేజిక్కించుకున్నారు. పాండిచ్చేరి, కారైకాల్, మాహేలు ఇండియాకు దఖలు పడింది ఆ ఏడాది నవంబర్ 1న. చట్టరీత్యా బదిలీ పూర్తయ్యేసరికి 1962 ఆగస్ట్ 16 వచ్చింది. ఆంధ్రలో కలుస్తుందనుకున్నవారి ఆశ మాత్రం తీరలేదు.

నేడు సాయంత్రమైతే జనం గౌతమీ ఒడ్డున గుమిగూడతారు. ఏనుగు బొమ్మల తొండాల నుంచి శివలింగం మీద నీళ్లు పడుతుంటే ఫొటోలు దిగుతారు. 2015లో ప్రారంభమైన సుమారు వంద మీటర్ల ఎత్తు టవర్‌ను ఈఫిల్ టవరని ముద్దుగా పిలుచుకుంటారు. అసలు ఫ్రెంచి జాడలకంటే ఈ కొత్త ఫ్రెంచి ముస్తాబే ఎక్కువమందిని ఆకర్షిస్తోంది. తప్పుపట్టడానికేమీ లేదు. టవర్ చూడటానికి వచ్చిన పిల్లవాడికి పక్కనే మరో రెండు ముక్కలు చెప్పేవారుంటే చాలు.

మూడో రోజు: ఓడిన చోటు

యానాం నుంచి కాకినాడ, పిఠాపురం దాటితే గొల్లప్రోలు మండలం. అక్కడ చందుర్తి. ఇంగ్లిష్ పుస్తకాల్లో 'కొండూరు యుద్ధం' జరిగింది ఈ నేల మీదే.

దాని నేపథ్యం కొంత తెలియాలి. హైదరాబాద్ గద్దె మీద సలాబత్ జంగ్‌ను నిలబెట్టినందుకు ప్రతిఫలంగా, తన సైన్యం జీతాల కోసమంటూ, బుస్సీ 1753లో నాలుగు సర్కారులు రాయించుకున్నాడు: కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం. అంతకు మూడేళ్ల ముందే బందరు చేతికొచ్చింది. అంటే కృష్ణ నుంచి శ్రీకాకుళం దాకా కోస్తా అంతా కొన్నేళ్లపాటు ఫ్రెంచి పెత్తనంలో ఉంది. శిస్తు వసూళ్ల కోసం జమీందారుల కీచులాటల్లో బుస్సీ వేలుపెట్టాడు. ఫలితం 1757 జనవరి 24 నాటి బొబ్బిలి. విజయనగరం పక్షాన ఫ్రెంచి ఫిరంగులు కోటను కూల్చాయి. తాండ్ర పాపారాయుడు పగ తీర్చుకున్నాడు. ఇదంతా తెలుగువాళ్లకు కొట్టినపిండే. బొబ్బిలిలో స్మారక స్తంభం కూడా ఉంది. నాలుగో రోజు చేతిలో ఉన్నవారు అటూ వెళ్లిరావచ్చు.

ఆ తర్వాతి అధ్యాయమే ఎక్కువమందికి తెలియదు. బుస్సీ మిత్రుడి వారసుడు ఆనంద గజపతి ఫ్రెంచివారి మీద తిరగబడి ఇంగ్లిష్‌వారిని పిలిచాడు. బెంగాల్ నుంచి క్లైవ్ పంపిన కర్నల్ ఫోర్డ్ 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర కాన్‌ఫ్లాన్స్ సేనను చిత్తుచేశాడు. తరుముకుంటూ బందరు దాకా వచ్చి 1759 ఏప్రిల్ 7 అర్ధరాత్రి బురదనేల మీదుగా కోట మీద పడ్డాడు. తెల్లారేసరికి కోట లొంగిపోయింది. లొంగిపోయినవారి సంఖ్య దాడి చేసినవారికంటే ఎక్కువ. దక్షిణాదిన ఎవరు ఏలాలన్న తగాదాలో అదొక మలుపు. అద్దకం బట్టల మీద ఫ్రాన్స్ నిషేధం ఎత్తేసింది, ఆ బట్టలిచ్చిన రేవును ఫ్రాన్స్ పోగొట్టుకుంది ఒకే సంవత్సరంలో.

ఏమీ కట్టనక్కర్లేదు

ఈ యాత్రకు కొత్త హోటళ్లు, రోప్‌వేలు, కోట్ల రూపాయల ప్రాజెక్టులు అవసరం లేదు. రోడ్డుంది, వంతెనలున్నాయి, బస్సులున్నాయి. లేనిది ఈ ఊళ్లను ఒక కథగా కలిపి చెప్పే మనిషి. బందరు ఆంధ్రప్రదేశ్‌ది, యానాం పుదుచ్చేరిది. ఎవరి కరపత్రం వారిది. ఒక ఊరి బోర్డు మీద మరో ఊరి మాట ఉండదు. ఫ్రెంచిపేట మొదట్లో నాలుగు వాక్యాల పలక, బందరు కోట దగ్గర ఒక పటం, మాధవాయిపాలెంలో ఆ నిఘంటువు మాట, చందుర్తిలో ఒక గుర్తు. వీటికయ్యే ఖర్చు ఒక టవర్ ఖర్చులో వందోవంతు కూడా ఉండదు. సూరత్‌నే చూడొచ్చు. పదహారో శతాబ్దపు తాపీనది ఒడ్డు కోటను అక్కడి నగరపాలక సంస్థ బాగుచేసి మ్యూజియంగా తీర్చిదిద్దింది. బందరు కోటకు ఆ యోగం ఇంకా పట్టలేదు. ఆలస్యమయ్యేకొద్దీ ఉప్పుగాలి తన పని తాను చేసుకుపోతుంది.

వెళ్లదలచినవారికి ఒక జాగ్రత్త. ఈ తీరాన నవంబర్‌కు మంచి పేరు లేదు. 1839, 1864 ఉప్పెనలే కాదు, 1977 దివిసీమ ఉప్పెన, 1996 కోనసీమ తుపాను వచ్చింది కూడా ఆ నెలలోనే. దీపావళి సెలవుల్లోనే తీరిక దొరికే సూరత్ కుటుంబాలు వాతావరణ హెచ్చరికలు చూసుకుని బయల్దేరాలి. వీలున్నవారికి డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయి.

మళ్లీ ఆ వడోద్ కుటుంబం దగ్గరికి వద్దాం. తండ్రి పనిచేసేది పాండేసర అద్దకం మిల్లులో. అక్కడ చిరువేరు లేదు, కరక్కాయ లేదు. పాలిస్టర్ మీద యంత్రం నిమిషానికి ఎన్నో మీటర్లు అద్దేస్తుంది. కొడుకు చదివేది సూరత్ నగరపాలక సంస్థ నడిపే తెలుగు మాధ్యమం బడిలో. ఇంటి దగ్గర తాత మగ్గం ఎప్పుడో అటకెక్కింది. గోల్కొండ రాజ్యానికి బందరే రేవైన రోజుల్లో, తెలుగు మగ్గం మీది బట్ట కోసం సూరత్ నుంచి బందరుకు దొరలు దారి వెతుక్కుంటూ వచ్చారు. మూడున్నర శతాబ్దాల తర్వాత అదే దారిన నేతగాడు ఎదురు నడిచాడు.

పెడన కాలవ గట్టున ఆరేసిన బట్టలు చూస్తూ ఆ పిల్లవాడు తప్పకుండా అడుగుతాడు: "బాపూ, అంత దూరం నుంచి వాళ్లు మన బట్ట కోసం వచ్చిండ్రు గదా. మరి మనమెందుకు సూరత్ పోయినం?"

ఆ ప్రశ్న పుట్టించడానికైనా ఆ బస్సు ఒకటి నడవాలి.